కొర్లమ్మ నిప్పుచట్టి

అనగనగా, సముద్రం ఒడ్డున ఇంకా దీపస్తంభాలు లేని కాలంలో, ఇసకపేట అనే ఊరుండేది. ఊ కొట్టండి మరి. ఊ కొట్టకపోతే కథ ఇసకలో ఇంకిపోతుంది.

ఆ ఊళ్ళో కొర్లమ్మ అనే ముసలమ్మ ఉండేది. చేపలు ఎండబెట్టి అమ్ముకునేది. వెనకాముందూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక గుడిసె, ఒక గంప, ఒక మట్టిచట్టి.

అప్పట్లో అగ్గిపెట్టెలు లేవు. పొయ్యి ఆరిపోతే పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకోవాలి. గాలివాన వస్తే పక్కింటి పొయ్యీ ఆరిపోయేది. అందుకే మబ్బు పట్టగానే కొర్లమ్మ చట్టిలో నిప్పులు వేసి, పైన బూడిద కప్పి, ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను కాచినట్టు కాచేది.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. సగం తెప్పలు కొట్టుకుపోయాయి. మనుషులు ముందే ఒడ్డెక్కబట్టి బతికారు. గాలి వెళ్ళింది, వాన వెళ్ళింది, పొయ్యిలన్నీ చల్లారాయి. కొర్లమ్మ చట్టిలో మాత్రం నిప్పుంది. ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది. ఆ పూటే అందరి పొయ్యిలూ రాజుకున్నాయి.

కొన్నేళ్ళకు రెండోది వచ్చింది. ఇళ్ళు కూలాయి, తాడిచెట్లు విరిగాయి. జనం ఇసకదిబ్బ ఎక్కి బతికారు. గాలి వెళ్ళింది, వాన వెళ్ళింది, పొయ్యిలన్నీ చల్లారాయి. కొర్లమ్మ చట్టిలో మాత్రం నిప్పుంది. మర్నాటికి అందరూ వండుకున్నారు.

ఇక మొదలైంది వాదన. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా! తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమనే రకం. "మొదటిదే పెద్దది" అని ఒకరు, "కాదు, రెండోదే" అని ఒకరు. చివరికి ఊరిపెద్ద దానయ్య తీర్పు చెప్పాడు.

"తెప్పలెన్ని పోనాయి? ఇళ్ళెన్ని పడ్డాయి? సముద్రం ఎంత దూరం వచ్చింది? ఈ మూడే కొలత."

మూడో గాలివాన వచ్చింది. తెప్ప పోలేదు. ఇల్లు పడలేదు. సముద్రం గట్టు దాటలేదు. తెప్పలు ఎందుకు పోలేదంటే, గురువులు అనే కుర్రాడు వానలో పరిగెత్తి అందరి తెప్పలూ కట్టాడు. చివరి తెప్ప కట్టి లేస్తుంటే అల వచ్చి అతన్ని తీసుకుపోయింది.

"ఒక్క మడిసి పోనాడు, పాపం. మూడింటిలో ఇదే సిన్నది" అన్నాడు దానయ్య. అందరూ తలూపారు. ఒక్క మనిషట! అతను కట్టిన తెప్పల మీద కూర్చునే ఆ మాట అన్నారు.

గాలి వెళ్ళింది, వాన వెళ్ళింది, పొయ్యిలన్నీ చల్లారాయి. కొర్లమ్మ చట్టిలో మాత్రం నిప్పుంది. ఇల్లిల్లూ తిరిగి, గురువులు పెళ్ళాం అసిరి గుమ్మంలోకి వెళ్ళింది.

"నిప్పు తెచ్చాను తల్లీ."

"ఎవలికి వండను మామ్మా?"

కొర్లమ్మ వేసి వెళ్ళిన కణికలు పొయ్యిలోనే బూడిదయ్యాయి.

రెండో రోజూ వెళ్ళింది. "నిప్పు తెచ్చాను తల్లీ."

"ఎవలికి వండను మామ్మా?"

మూడో రోజు కొర్లమ్మ నిప్పు మాట ఎత్తలేదు. చట్టి పక్కన పెట్టి గడపలో చతికిలబడింది. "అమ్మా, ఆకలేస్తంది. కాసింత గంజి కాసి పెట్టవే" అంది.

అసిరి తలెత్తి చూసింది. ఆకలని వచ్చినవాళ్ళను చూస్తూ ఎలా కూర్చుంటుంది? లేచింది. కుండ కడిగింది. పొయ్యి ఊదింది. పొగ కళ్ళల్లోకి వెళ్ళింది. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కొర్లమ్మ ఆ పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. తర్వాత ఇద్దరూ గంజి తాగారు.

ముసలమ్మ అబద్ధమాడిందనుకునేరు. లేదు. అసిరి పొయ్యి వెలిగేదాకా తన పొయ్యి వెలిగించకూడదనుకుంది. మూడు రోజులూ పస్తే.

అక్కణ్ణుంచి తిన్నగా దానయ్య దగ్గరికి వెళ్ళింది.

"దానయ్యా, ఇప్పుడెళ్ళింది గాలివాన."

"అదెప్పుడో ఎళ్ళిపోనాది కదే!"

"ఆ పిల్ల పొయ్యి ఇప్పుడే రాజుకుంది. ముందొచ్చిన రెండూ ఇన్నాళ్ళుండనేదు. ఏది పెద్దదో నువ్వే సెప్పు."

మర్నాడు పొద్దున్నే దానయ్య తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని వెళ్ళి అసిరి గడపలో కూర్చున్నాడు. "ఆకలేస్తంది తల్లీ" అన్నాడు. ఆ మర్నాడు ఇంకొకరు వెళ్ళారు.

కొర్లమ్మ ఒక ఎండపూట చేపల మధ్యనే కన్నుమూసింది. తర్వాతి గాలివానకు పొయ్యిలన్నీ చల్లారాయి. ఇంక నిప్పెవరు తెస్తారని ఊరంతా దిగులుపడింది. అంతలో బురదలో ఎవరో వస్తున్నారు, ఒళ్ళో మట్టిచట్టి. అసిరి!

ఇప్పుడు అగ్గిపెట్టెలొచ్చాయి, గ్యాసు పొయ్యిలొచ్చాయి. అయినా ఆ తీరాన తుఫాను వెళ్ళాక ఎంత పోయిందని ముందుగా ఎవరూ అడగరు. "ఎవరింట్లో పొయ్యి వెలగలేదు?" అని అడుగుతారు. వెలగని ఇల్లు ఉంటే ఎవరో ఒకరు వెళ్ళి ఆ గడపలో కూర్చుంటారు. ఓదార్పు మాటలేవీ చెప్పరు.

"అమ్మా, ఆకలేస్తంది. కాసింత గంజి కాసి పెట్టవే" అంటారు.

కథ గట్టుకు చేరింది. పక్కింటి పొయ్యి చూసుకుని మీ ఇంటికి వెళ్ళండి.