మద్దికొమ్మకు కట్టిన పొట్లం

గోదావరి ఒడ్డు అడవిలో ఒక మద్దిచెట్టు, దాని మీద ఒక కాకి కాపురం. తిండి కనపడితే చాలు, అది తనదేనని తీర్మానించేసుకునే రకం.

వానాకాలంలో ఒక పొద్దున దానికి ఆకు చాటున దసలి పట్టుపురుగు కనపడింది. చిటికెన వేలంత ఆడపురుగు. ఒళ్లంతా లేతాకుపచ్చ, పక్కల వెండి చుక్కలు. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను గానీ కాకికి ఆ సంగతి పట్టలేదు. ముక్కు చాచింది.

"కాకి మామా, ఒక్క మాట," అంది పురుగు. లోపల దానికి ఒకటే లెక్క. రెక్కలు రావాలి, గుడ్లు పెట్టాలి, అందాకా ప్రాణం నిలవాలి. "ఇప్పుడు తింటే నీ కడుపులో ఒక మూలకి కూడా రాను. నెల్లాళ్లు ఆగు, నీ ముక్కుకి రెండింతలవుతాను."

"ఈలోగా ఇంకెవడైనా ఎత్తుకుపోతే?"

"కాపలాకి నువ్వు లేవూ? నేను తిండి మానేసిన రోజు ఇక నీ ఇష్టం."

బేరం కాకికి నచ్చింది. ఆనాటి నుంచి కందిరీగ వస్తే తరిమింది. చీమలు బారు కడితే ఏరిపారేసింది. తొండని తోక పట్టి లాగి కింద పడేసింది. పురుగు మాత్రం తలెత్తకుండా ఆకులు మేసింది. ఒకరోజు అది కదలకుండా కూర్చుంటే కాకి గంతేసి వచ్చింది.

"తిండి మానేశావు కదే?"

"మానలేదు మామా. చొక్కా బిగుతైంది, విప్పుతున్నాను."

అన్నట్టే పాత తోలు వదిలేసి, కొత్త ఒంటితో మళ్లీ ఆకు మీద పడింది. అలా ఇంకో రెండుసార్లు.

చివరికి నిజంగానే తిండి మానేసింది. రెండాకులు దగ్గరికి లాక్కుని, నోట్లోంచి దారం తీసి తన చుట్టూ అల్లుకోవడం మొదలెట్టింది.

"ఇదేం పనే?" అంది కాకి.

"ఇన్నాళ్లు కాపలా కాశావు, నీకు ఊరికే ఎలా ఇస్తాను? కొట్లో ఇచ్చినట్టు పొట్లం కట్టి ఇస్తాను. చీమ పట్టదు, దుమ్ము పడదు. మూడు రోజులు ఓపిక పట్టు."

కాకి మురిసిపోయింది. తనకి ఇంత మర్యాద చేసినవాళ్లు అంతవరకు లేరు మరి.

మూడు రోజులకి దసలిగూడు కొమ్మకి కాయలా వేలాడింది. కాకి ఒక్క పోటు పొడిచింది. ముక్కు జివ్వుమంది. ఇంకో పోటు పొడిస్తే గూడు ఊగింది తప్ప చిరగలేదు. "విప్పవే," అంటే లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. కాకి పొడుస్తూనే ఉంది, పక్కచెట్టు కోతులు నవ్వుతూనే ఉన్నాయి.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం గూడు కొస తడిసి మెత్తబడింది. అందులోంచి పాత పురుగే రెక్కలతో బయటికొచ్చింది. పసుపుపచ్చ రెక్కలు నాలుగు, ఒక్కోదాని మీద అద్దపు కన్నులాంటి ఒక్కో గుండ్రటి మచ్చ. ఆ నేతగత్తె పనితనం చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. కాకి దాని మీద పడబోయేసరికి అది రెక్కలు విప్పింది. నాలుగు కళ్లు ఒక్కసారే గుడ్లురిమేసరికి కాకి పల్టీ కొట్టి అవతలి కొమ్మన పడింది.

"ఇన్నాళ్లు ఏం తిని బతికావే?" అంది రొప్పుతూ.

"ఏమీ తినలేదు. ఇకమీదటా తినను, ఇప్పుడు నాకు తినే నోరే లేదు. నీ కాపలాలో మేసిన మేతే ఈ జన్మకి సరిపోయింది మామా."

ఆ కళ్లకి జడిసి కాకి మళ్లీ దాని జోలికి పోలేదు. ఆ తర్వాత అది బతికింది వారమే. ఆ వారంలోనే జతకట్టి, మద్దిచెట్టు నిండా గుడ్లు పెట్టి, హాయిగా కన్నుమూసింది. దానికి నేను దండం పెడతాను. కాకి మాత్రం ఈనాటికీ ఎండిన గూడు ఎక్కడ కనపడినా పొడిచి చూస్తూనే ఉంటుంది.

పక్కవాడి ప్రాణాన్ని తన కూడుగా లెక్కేసుకున్నవాడికి చివరికి కాపలా కాసిన అలుపే మిగులుతుంది.