గోడ అవతలి విజిల్

బొల్లారంలో పరంజ్యోతి అనే ఫుట్‌బాల్ కోచ్ ఉండేవాడు. ఆయనకు ఆటంటే ప్రాణమే గాని, ఆటగాళ్ళ బుర్రమీద మాత్రం కాణీ నమ్మకం ఉండేది కాదు.

దానికో కారణం ఉంది. కాలేజీ రోజుల్లో ఆయన డిఫెండర్‌గా ఆడేవాడు. యూనివర్సిటీ ఫైనల్ చివరి నిమిషంలో, ఎవరూ చెప్పకుండానే, వెనక ఉన్నాడనుకుని గోల్‌కీపర్‌కు బంతి తన్నాడు. గోల్‌కీపర్ అక్కడ లేడు. బంతి మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళి సొంత గోల్‌లో పడింది. ఆ దొర్లడం ఆయనకు ఇరవై ఏళ్ళపాటు కలలో కనిపిస్తూనే ఉంది. "ఆటగాడు సొంతంగా ఆలోచించాడా, కొంప మునిగినట్టే" అని ఆనాడే తీర్మానించుకున్నాడు.

చిత్రమేమిటంటే, ఆ భయంతోనే పైకి కూడా వచ్చాడు. మొదట ఖాసిం సాబ్ అనే పెద్ద కోచ్ దగ్గర బంతులకు గాలి కొట్టే అసిస్టెంటుగా చేరాడు. తర్వాత ఒక హైస్కూలుకు, ఆపైన ఒక కాలేజీకి, చివరికి జిల్లా జట్టుకు కోచ్ అయ్యాడు. మెట్టు ఎక్కినకొద్దీ కింద పడతానేమోనన్న దిగులు పెరిగింది. దిగులు పెరిగినకొద్దీ నోట్లోంచి విజిల్ తియ్యడం మానేశాడు.

ప్రాక్టీసులో ఆయన పద్ధతి ఒకటే. విజిల్ వినగానే ఎక్కడివాళ్ళక్కడ గుంజల్లా నిలబడాలి. మొహం ఆయన వైపు తిప్పాలి. ఆయన వేలు చూపించిన చోటికే బంతి తన్నాలి. ఒకనాడు మైదానం పక్క క్యాంటీన్లో కుక్కర్ విజిల్ వేసింది. నలుగురు ఆటగాళ్ళు పరుగు ఆపి ఆయన వైపు తిరిగారు. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. పరంజ్యోతి మాత్రం మురిసిపోయాడు.

"చూసిన్రా, క్రమశిక్షణ అంటే గిట్లుండాలె!" అన్నాడు.

ఆ రోజు ప్రాక్టీసు చూడటానికి వచ్చిన ఖాసిం సాబ్ నవ్వలేదు. పల్లీలు ఒలుచుకుంటూ, "జ్యోతీ, పోరగాండ్లకు ఆగుడు మస్తు నేర్పినవ్. ఆడుడు ఎప్పుడు నేర్పుతవ్?" అన్నాడు.

"వాళ్ళకు ఇడిసిపెడ్తే మన గోల్‌ల మనమే కొట్టుకుంటం సాబ్" అన్నాడు పరంజ్యోతి. ఖాసిం సాబ్ ఇంకో పల్లీ నోట్లో వేసుకున్నాడు.

ఆ ఏడాది జిల్లాల పోటీలో జట్టు ఫైనల్ చేరింది. అప్పటికి రాష్ట్ర జట్టు కోచ్ పదవి ఖాళీగా ఉంది. ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పరంజ్యోతిని పిలిచి, "ఫైనల్ గెలువు, ఆ పోస్టు నీదే" అన్నాడు.

అంతే, ఆయనకు అన్నం సయించలేదు. ఒక్క మెట్టే మిగిలింది. కాలు జారితే? వారం రోజులు ఇదే గుబులు. భార్య సుగుణ కంచంలో వడ్డిస్తే, మెతుకులను ఆటగాళ్ళలా వరసగా పేర్చి చూస్తూ కూర్చునేవాడు.

"జర తినుండ్రి. మీ గోల్‌కీపర్ సల్లారిపోతుండు" అనేది ఆవిడ.

ఫైనల్ రోజు వచ్చింది. మ్యాచ్‌లో కోచ్ విజిల్ వెయ్యకూడదు గనక, పరంజ్యోతి గీత వెంట అటూ ఇటూ తిరుగుతూ గొంతు చించుకున్నాడు. "ఎల్లేష్, ఎడమకు! ఇప్పుడు కొట్టు! వద్దు, ఆగు!" కెప్టెన్ ఎల్లేష్ పాపం చెప్పింది చెప్పినట్టే చేశాడు. అరగంట గడిచినా ఎవరికీ గోల్ రాలేదు. పరంజ్యోతి చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయింది.

అప్పుడు మైదానం గోడ అవతల, రోడ్డుమీద, ఒక ఆటో అడ్డంగా దూరింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ గట్టిగా విజిల్ ఊదాడు.

పరంజ్యోతి జట్టు పదకొండు మందీ టక్కున ఆగిపోయారు. అందరి మొహాలూ ఆయన వైపు తిరిగాయి. ఎల్లేష్ కాళ్ళ ముందున్న బంతిని అవతలి జట్టువాడు తీసుకుపోయాడు.

"ఆడుండ్రి! ఆడుండ్రి!" అని పరంజ్యోతి అరిచాడు. వాళ్ళు తేరుకునేసరికి బంతి గోల్‌లో ఉంది.

విరామం రాగానే ఆయన రిఫరీ దగ్గరికి పరిగెత్తాడు. "అది మీ విజిల్ కాదు గద సార్!"

"కాదు. అందుకే ఆట ఆపలేదు. అవతలోళ్ళకూ చెవులున్నయి గద, వాళ్ళు ఆగలేదే?" అన్నాడు రిఫరీ.

పరంజ్యోతి తన జట్టు మీద విరుచుకుపడ్డాడు. "రోడ్డు మీది విజిల్‌కు ఆగుతరారా? బుద్ధుందా మీకు?"

అందరూ తలలు దించుకున్నారు. ఎల్లేష్ ఒక్కడే తల ఎత్తాడు. "విజిల్ ఇంటే ఆగుమని మీరే చెప్పిన్రు సార్. ఏ విజిల్‌కు ఆగొద్దో ఎన్నడన్న చెప్పిన్రా?"

పరంజ్యోతి ఒక్కొక్కరి మొహమే చూశాడు. అందరి కళ్ళల్లోనూ బెదురు. తన బెదురే. ఇన్నేళ్ళూ దాన్నే అందరికీ పంచిపెట్టాడు. ఆయనకు చెప్పలేనంత సిగ్గేసింది. మెడలో విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు.

"మీకు తోచినట్టు ఆడుండ్రి" అన్నాడు.

రెండో సగం ఆయనకు నిప్పులమీద కూర్చున్నట్టే గడిచింది. చేతులు ఊరుకోవని తొడలకింద పెట్టుకున్నాడు. మొదట్లో ఆటగాళ్ళు అలవాటుగా ఆయన వైపు చూశారు. ఆయన నేల వైపు చూశాడు. కాసేపటికి వాళ్ళు చూడటం మానేసి, ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడం మొదలుపెట్టారు.

ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి. సొంత గోల్ ముందు ఎల్లేష్‌ను ఇద్దరు చుట్టుముట్టారు. ఎల్లేష్ వెనక్కి తిరిగి, గోల్‌కీపర్‌కు తన్నబోయాడు. గోల్‌కీపర్ పక్కకు వెళ్ళిపోయి ఉన్నాడు! పరంజ్యోతికి ఆ పాత బంతి మళ్ళీ కళ్ళముందు దొర్లింది. లేచి నిలబడ్డాడు, నోరు తెరిచాడు. తెరిచిన నోటిని రెండు చేతులతో మూసుకున్నాడు.

ఎల్లేష్ తన్నే ముందు తల ఎత్తాడు. కోచ్ వైపు చూడలేదు, గోల్‌కీపర్ కోసం చూశాడు. కాలు ఆపి, గిర్రున తిరిగి, ఆ ఇద్దరి మధ్యనుంచి బంతిని ముందుకు తీసుకుపోయాడు. పరంజ్యోతి బెంచీమీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నాడు.

అయినా ఆ ఒక్క గోల్‌తోనే మ్యాచ్ పోయింది. రాష్ట్ర జట్టు పదవి వేరొకరికి దక్కింది. పరంజ్యోతి చాలా బాధపడ్డాడు, కాని ఎవరినీ తిట్టలేదు.

మళ్ళీ ప్రాక్టీసు మొదలైంది. ఇప్పుడు ఆయన కొత్త పద్ధతి పెట్టాడు: రిఫరీ విజిల్‌కు తప్ప ఇంక దేనికీ ఆగకూడదు. ఆట మధ్యలోకి వచ్చి ఉత్తుత్తినే విజిల్ ఊదేవాడు. ఎవరు ఆగితే వాళ్ళు మైదానం చుట్టూ ఒక రౌండు పరిగెత్తాలి. మొదటిరోజు ఆరుగురు ఆగారు. వారం తిరిగేసరికి ఇద్దరు. నెలయ్యాక ఒకరోజు చెంపలు నొప్పిపుట్టేలా ఊదాడు. ఒక్కరూ ఆగలేదు. పైగా ఎల్లేష్, "సార్, జర జరుగుండ్రి, బంతికి అడ్డమొస్తున్నరు!" అని కేకేశాడు.

పరంజ్యోతి నవ్వుకుంటూ పక్కకు జరిగాడు.

నీతి: తన భయంతో ఎదుటివాడి కాళ్ళు కట్టేసేవాడు ఎన్ని మెట్లు ఎక్కినా గురువు కాలేడు, తాను నోరు మూసుకున్నాక కూడా శిష్యుడు ఆడగలిగితేనే నేర్పినట్టు.