తుమ్మినవాడు సోమరి

సిరిగిరి రాజు కోటిలింగ భూపతికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఆ ఏడు కసరత్తు పిచ్చి పట్టింది.

పట్టించినవాడు ఆస్థాన వస్తాదు బలభద్రయ్య. ఆయన మీసాలకు రాసే నెయ్యితో ఓ సంసారం సుఖంగా గడిచిపోతుంది.

"జబ్బనేదే లేదు ప్రభూ, ఉన్నదల్లా బద్ధకమే. దండీలు, బస్కీలు ఎంత తీస్తే అంత ఆరోగ్యం. ఎక్కువయ్యే ప్రసక్తే లేదు. తుమ్మినవాడు సోమరి!" అన్నాడు నిండు కొలువులో.

రాజుగారికి ఆ మాట భలే నచ్చింది. ఇక కొలువులో ఎవడు తుమ్మినా సోమరి కింద లెక్కేననీ, పెళ్ళాం బిడ్డలతో సహా పొలిమేర దాటాల్సిందేననీ అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు.

ఆ మాట పూర్తయిందో లేదో, "హాచ్చి!"

తుమ్మింది రాజుగారికి తాంబూలం అందించే పేరన్న. మొన్న వానలో తడిసినప్పట్నుంచీ ముక్కు కారుతోంది పాపం.

"దొరికాడు సోమరి!" అని వస్తాదు తొడ చరిచాడు. పేరన్న వెటకారాలకు ఆయన ఎన్నాళ్ళనుంచో పళ్ళు నూరుతున్నాడు.

పేరన్న ఇంట్లో భార్య తిరపమ్మ నిండు చూలాలు. ఈ వానల్లో ఆమెను బండెక్కించి ఎక్కడికని పోతాడు? అయినా మొహాన నవ్వు చెదరనివ్వలేదు.

"నా బద్ధకం వదిలించే భారం వస్తాదుగారిమీదే పెట్టండి ప్రభూ. పున్నమి కొలువులో మళ్ళీ తుమ్మితే నేనే బండి కట్టుకుంటాను."

"సరే. ఆయన చెప్పినట్టల్లా చెయ్యి," అన్నాడు రాజు.

"చేసి చూపించమనండి. గురువు చూపించనిదే శిష్యుడు ఒళ్ళు వంచకూడదని తాలింఖానా కట్టుబాటు కదా?"

"ఓస్, అదెంత!" అని వస్తాదు మీసం దువ్వాడు. అక్కడే పప్పులో కాలేశాడు మహానుభావుడు.

మర్నాడు పేరన్న కసరత్తు చేసే తాలింఖానాకు ఒక్కడే రాలేదు. ఊళ్ళో పనీపాటా లేనివాళ్ళందర్నీ వెంటేసుకొచ్చాడు. వాళ్ళ ముందు వస్తాదు ఆపకుండా దండీలు తీసి, రొప్పుతూ లేచాడు. పేరన్న మెడదాకా దుప్పటి కప్పుకుని, వేడివేడి మిరియాల చారు జుర్రుతూ అమాయకంగా అడిగాడు.

"ఇంతేనా గురువుగారూ? చూపించడం అయిపోతే చెప్పండి, నేను మొదలెడతాను."

జనం కిసుక్కున నవ్వారు. వస్తాదుకు రోషం పొడుచుకొచ్చింది. గద తిప్పాడు. ఇసుక బస్తా మోసుకుంటూ కోట చుట్టూ పరిగెత్తాడు. జల్లు పడుతున్నా ఆగలేదు. తిరిగొచ్చేసరికి మళ్ళీ అదే ప్రశ్న. "ఇంతే" అంటే పరువు గంగలో కలుస్తుందాయె!

రోజూ ఇదే తంతు. వస్తాదుకు నిద్ర కరువైంది, అన్నం సహించలేదు. పేరన్నకు మాత్రం జలుబు తగ్గింది. తగ్గాక, పొద్దున్నే పొలంగట్ల వెంట చెమట పట్టేదాకా చురుగ్గా నడిచొచ్చి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయేవాడు.

"ఏమయ్యా, అన్ని బస్కీలు తీసినాయన అలా వాడిపోతున్నాడేం?" అంది తిరపమ్మ.

"కోట కాపలావాళ్ళను కాస్త తిప్పితే హుషారుగా ఉంటారే. పగలూ రాత్రీ పరిగెత్తిస్తే, దొంగ వచ్చేవేళకు గుర్రుపెట్టి పడుకుంటారు. ఒంట్లో ఉండే కాపలావాళ్ళూ అంతే," అన్నాడు పేరన్న. పైకి అలా అన్నాడు గానీ లోపల భయం భయంగానే ఉంది. ఆమె అటు తిరగ్గానే కులదైవానికి మొక్కుకున్నాడు.

పున్నమి కొలువు రానే వచ్చింది. పేరన్న నిమ్మళంగా తమలపాకు చిలకలు చుడుతున్నాడు. వస్తాదు ముక్కు ఎర్రగా కందిపోయింది, మీసాలు వేలాడిపోయాయి.

"ఏం బలభద్రయ్యా, శిష్యుడి బద్ధకం వదిలిందా?" అన్నాడు రాజు.

వస్తాదు నోరు తెరిచాడు. ముక్కు నలిపాడు, పెదవి కొరికాడు, ఊపిరి బిగబట్టాడు. లాభం లేకపోయింది.

"హాఆఆ...చ్చి!"

"చిరంజీవ!" అన్నాడు రాజు అలవాటుకొద్దీ. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

వస్తాదు గబగబా ముక్కు తుడుచుకుంటూ, "తు... తుమ్ము కాదు ప్రభూ, దగ్గు!" అన్నాడు.

పేరన్న వినయంగా చేతులు జోడించాడు.

"దగ్గుకు చిరంజీవ అన్నారంటే మా ప్రభువుకు తుమ్మేదో దగ్గేదో తెలియదనాలి. తుమ్మే అంటే, రాజ్యంలోకెల్లా పెద్ద సోమరి వస్తాదుగారనాలి. ఏది అనమంటారో సెలవియ్యండి!"

రాజు కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. కిరీటం పక్కకు జారేలా పకపకా నవ్వాడు. ఆయన నవ్వాక ఇంకెవరాగుతారు? కొలువు కొలువంతా విరగబడి నవ్వింది.

రాజు ఆ ఆజ్ఞను అప్పుడే రద్దు చేశాడు. తన పట్టుశాలువా తీసి పేరన్న భుజాన కప్పి, తిరపమ్మ పురిటికని పాడావును తోలించాడు. తర్వాత వస్తాదువైపు తిరిగి వేలు చూపించాడు.

"బలభద్రయ్యా, జలుబు తగ్గేలోగా మంచం దిగావో, నిన్ను పొలిమేర దాటిస్తా!"