అచ్చాలు పీట, పైడమ్మ నడుము

అనగనగా ఒక అడవిలో, ఎటు చూసినా అడ్డతీగలే. ఆ ఆకులతో విస్తళ్లు కుట్టుకోవడమే అక్కడి జంతువుల పని. నవ్వకండర్రా! ఆ అడవిలో పులి కూడా విస్తట్లోనే తినేది.

అందరిలోకీ బాగా కుట్టేవాళ్లు ఇద్దరు. ఒకతె అచ్చాలు అనే కొండముచ్చు. ఇంకొకతె పైడమ్మ అనే ఎలుగుబంటి. ఏటా తేనె పండగనాడు వాళ్లకో పరీక్ష ఉండేది. విస్తట్లో పల్చటి తేనె పోస్తారు. ఎవరి విస్తట్లోంచి చుక్క కూడా కారదో, వాళ్లకే తొలి తేనెపట్టు. ఏటా అది అచ్చాలుకే వచ్చేది. ఏటా పైడమ్మకి కడుపుమంటే. అసలే ఎలుగుబంటి, పైగా తేనె! ఎలా ఓర్చుకుంటుంది చెప్పండి?

ఆ ఏడు కొమ్మ విరిగి అచ్చాలు కింద పడింది. మణికట్టు విరిగింది. కొన్నాళ్లకి ఎముక అతుక్కుంది గానీ, వేళ్లు మాట వినలేదు. ఆకులు కుట్టే వెదురుపుల్ల పట్టుకుంటే జారిపోయేది. ఒక్క విస్తరి పూర్తయ్యేసరికి కళ్ల నిండా నీళ్లు.

పైడమ్మ పలకరించడానికి వెళ్లింది. "అయ్యో, ఎంత కష్టం వచ్చిందే అచ్చాలూ!" అంది పైకి. లోపల మాత్రం, "ఈసారి తేనెపట్టు నాదే" అనుకుంది. అలా అనుకోకూడదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దానికీ తెలుసు.

అప్పుడొచ్చింది సూరాలు అనే వడ్రంగిపిట్ట. ఆమె మందులిచ్చే పిట్ట కాదు. పక్కన కూర్చుని, ఎవరు ఏ పని ఎలా చేస్తున్నారో, ఎక్కడ నొప్పెడుతోందో చూసేది. ఒంటికి తగ్గట్టు పనిని మార్చేది. అందుకే అందరూ ఆమెని పని చూసే పిట్ట అనేవాళ్లు.

"పండు ఎలా ఒలుచుకుంటున్నావ్? పిల్లనెలా ఎత్తుకుంటున్నావ్?" అని సూరాలు అడిగింది.

"రెండూ ఎడంచేత్తోనే అక్కా. ఒలిచేలోగా పిల్ల ఏడుస్తుంది" అంది అచ్చాలు. అని తనూ ఏడ్చింది.

సూరాలు పూటంతా చూసింది. పట్టు దొరికేలా పుల్ల చివర లావుపాటి బెండు పిడి తొడిగింది. చెయ్యి ఆనించుకోవడానికి ఒక పలక ఇచ్చింది. అచ్చాలు నడుమూ మోకాళ్లూ కొలిచి, పొట్టి పీట చెక్కింది. "పది విస్తళ్లు కుట్టాక లేచి తిరుగు. చెయ్యి వద్దంటే ఆపు" అని చెప్పింది.

వెళ్తూ వెళ్తూ పైడమ్మ దగ్గర ఆగింది. "నడుం అంతలా వంచి కుడుతున్నావ్. నొప్పిగా లేదూ?"

నిజానికి పైడమ్మకి రెండు నెలలుగా నడుం నొప్పి. కానీ నొప్పి ఉందంటే అచ్చాలు కన్నా తక్కువైపోనూ? "నాకేం నొప్పి? దుక్కలా ఉన్నాను!" అంది. సూరాలు మర్నాడు అడిగింది. ఆ తర్వాతి వారం కూడా అడిగింది. మూడుసార్లూ అదే జవాబు.

అచ్చాలు మెల్లగా మళ్లీ కుట్టడం మొదలెట్టింది. ఇక చూడండి, పైడమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకుంది. "కింద పడ్డదానికి పీటట, పలకట, పిడట! పడకుండా చచ్చేలా పనిచేసే నాకు గడ్డిపరక కూడా లేదు!" అని కుళ్లిపోయింది. "దాని పనితనమంతా ఆ పీటలోనే ఉంది" అని కూడా అనుకుంది.

పండగ రేపనగా, మధ్యాహ్నం అచ్చాలు వాగుకి వెళ్లింది. పైడమ్మ పీటా పలకా పిడీ చంకన పెట్టుకుని పరిగెత్తింది.

పీట మీద కూర్చుంటే మోకాళ్లు చెవులకి తగిలాయి. అయినా లేవలేదు. పలక ఒళ్లో ఆగలేదు. అయినా వదల్లేదు. పిడి దాని పంజాలో ఎక్కడుందో కనిపించనే లేదు. అయినా సాయంత్రం దాకా మరింత వంగి కుట్టింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు! చివరికి పీట ఫట్‌మని రెండు ముక్కలైంది. పైడమ్మ నడుం పట్టేసింది. "ఓలమ్మో!" అని ఎక్కడిదక్కడే పడిపోయింది.

పండగ వచ్చింది. పైడమ్మ కుట్టిన విస్తట్లో తేనె పోస్తే బొటబొటా కారిపోయింది. చీమలు పండగ చేసుకున్నాయి. పాపం అచ్చాలు, పీటా పిడీ లేకుండానే పట్టుబట్టి కుట్టబోయింది. చెయ్యి వాచిపోయి, ఒక్కటీ పూర్తి చేయలేకపోయింది. తొలి తేనెపట్టు ఎవరికి దక్కిందో తెలుసా? ముళ్లపందికి! అది పుల్లకి బదులు తన ముల్లు పీకి కుట్టిందిట.

సూరాలు పైడమ్మ దగ్గరికొచ్చింది.

"తిట్టు అక్కా" అంది పైడమ్మ.

"తిట్లు తర్వాత. ముందు ఎలా కూర్చుని కుడతావో చూపించు."

పైడమ్మ భోరుమంది. "నా నొప్పి ఎవరైనా పట్టించుకున్నారా?"

"మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ దుక్కలా ఉన్నానన్నావ్."

పైడమ్మ తల దించుకుంది. అంతలో అచ్చాలు వాచిన చెయ్యి పట్టుకుని వచ్చింది.

"పీట ఎత్తుకెళ్లింది నేనే" అంది పైడమ్మ.

"తెలుసులేవే. ముక్కల నిండా నీ బొచ్చే" అంది అచ్చాలు కోపంగా. "నన్ను అడగాల్సింది. నీకు పట్టదని అప్పుడే చెప్పేదాన్ని."

అచ్చాలు చెయ్యి మళ్లీ కుదుటపడడానికి నెల పట్టింది. ఆ నెలంతా పైడమ్మ నడుం పట్టుకుని కుంటుతూ వచ్చి, అచ్చాలుకి పళ్లు ఒలిచి పెట్టింది. పిల్లని ఆడించింది. సూరాలు అచ్చాలుకి కొత్త పీట చెక్కింది. పైడమ్మని కొలిచి, దానికో ఎత్తయిన దుంగ పీట చేసింది. ఆకులు ఎదురుగా ఎత్తులో పెట్టించింది. పైడమ్మ వంగకుండా కుట్టింది. నడుం నొప్పి తగ్గుతూ వచ్చింది.

ఒకరోజు అచ్చాలు ఊరికే ఆ దుంగెక్కి కూర్చుంది. కాళ్లు గాల్లో వేలాడాయి. "అమ్మో, ఇదేం పీటే! నాకైతే దీని మీద కళ్లు తిరుగుతున్నాయి!" అంది.

పైడమ్మ పకపకా నవ్వింది. "దిగు దిగు. అది నా కొలత" అంది.

నీతి: పక్కవాళ్ల పీట చూసి ఏడవకు. నీ నొప్పి నువ్వు చెప్పుకుంటేనే నీకు సరిపోయే పీట దొరుకుతుంది.