గోదా తవ్వనన్న మల్లుడు

అనగనగనగా ఏటికి ఇవతల పెసరమిల్లి అనే ఊళ్ళో సింగన్న అని ఒక మల్లుడు ఉండేవాడు. ఏటికి అవతల ఊళ్ళో ఇంకో మల్లుడు. వాడి పేరు... ఉండండర్రా, పొద్దున పప్పు రుబ్బుతూ కూడా అనుకున్నాను. ఆఁ, భీమలింగం! మళ్ళీ మరిచిపోతే మీరే అందించాలి.

రెండు ఊళ్ళలోనూ కుస్తీ పట్టే గోదాలున్నాయి. రెండింటికీ రాజుగారే నూనె పంపాలి. పంపీ పంపీ ఆయనకి విసుగొచ్చింది. ఒక్క గోదా చాలు, మీరిద్దరూ కుస్తీ పట్టండి, ఓడినవాడి ఊళ్ళో గోదా పూడ్పించేస్తాను అన్నాడు. సింగన్న గుండె గుభేలుమంది. వాళ్ళ నాన్న తవ్విన గోదా మరి! ఊ కొడుతున్నారా?

కుస్తీ పెసరమిల్లి గోదాలోనే అనుకున్నారు. దానికి ముందు ఒక ఆచారం ఉండేది. మల్లులిద్దరూ కలిసి గోదా సిద్ధం చెయ్యాలి. మట్టి తవ్వి, రాళ్ళేరి, నీళ్ళు చల్లి, నూనె పోసి, పసుపు కలిపి పరుపులా చెయ్యాలి. ఎవరు పడ్డా నడుం విరగకూడదని. భీమలింగం ఏమన్నాడూ? నా వీపు మట్టి మొహం ఎరగదు, నేనెందుకు తవ్వాలి అన్నాడు. పోయి దండలు వేయించుకుంటూ కూర్చున్నాడు.

సింగన్న ఒక్కడే దిగాడు. తన సగం మట్టి తవ్వి, రాళ్ళేరి, నీళ్ళు చల్లి, నూనె పోసి, పసుపు కలిపాడు. అవతలి సగం కూడా మట్టి తవ్వి, రాళ్ళేరి, నీళ్ళు చల్లి, నూనె పోసి, పసుపు కలిపాడు.

"ఏం సింగన్నా, ముందే పక్క పరుచుకుంటున్నావా?" అని జనం ఎగతాళి.

"ఈ సగం నాకు. ఆ సగం భీమలింగం బావకి. పాపం, ఆయనకి పడటం అలవాటు లేదు కదా!"

జనం పడీ పడీ నవ్వారు. భార్య నాంచారి మాత్రం దగ్గరికొచ్చి, నిజంగా గెలుస్తావా అని మెల్లిగా అడిగింది. గెలుస్తాననే నా నమ్మకం, కానీ అతని కుడిచెయ్యి మహా గట్టిది, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు.

డప్పు మోగింది. ఆ... ఏమిటర్రా పేరు? ఆఁ, భీమలింగం! ఆ కుడిచేత్తోనే సింగన్నని ఎత్తి ధబీమని పడేశాడు. నాంచారి కళ్ళు మూసేసుకుంది.

కానీ ఓడినట్టు లెక్క రావాలంటే రెండు భుజాలూ మట్టికి తగలాలి. సింగన్న పక్కకి ఒత్తిగిలి పడ్డాడు, తగిలింది ఒక్కటే. రెండోది నొక్కేస్తే అయిపోయేది. భీమలింగం కిందకి చూస్తేగా! రాజుగారి వైపు తిరిగి మీసం మెలేస్తున్నాడు. సింగన్న పాక్కుంటూ వెళ్ళి రెండు కాళ్ళూ పట్టి లాగాడు. అంత మనిషీ వెల్లకిలా! రెండు భుజాలూ మట్టిలో!

భీమలింగం ఊరి గోదా పూడ్చి రమ్మని భటులతో అన్నాడు రాజు. ఆ మాటకి అంత మల్లుడూ చిన్నపిల్లాడిలా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

సింగన్న చేతులు జోడించాడు. "వద్దు ప్రభూ! నన్ను ఎత్తి పడేసేవాడు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు? నేనెవరితో కుస్తీ పట్టి నేర్చుకోను? నాకిచ్చే నూనెలో సగం అటు పంపండి."

రాజు నవ్వి సరేనన్నాడు. భీమలింగం పరుగున వచ్చి సింగన్నని భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. "దించు బావా, దించు! నాకు ఎత్తంటే భయం!" అని సింగన్న ఒకటే కేకలు. నాంచారి నవ్వలేక చచ్చింది.

నా పని నాకు బాగా వచ్చు అనుకోవాలర్రా. అవతలివాడికి ఏమీ రాదు అని మాత్రం అనుకోకూడదు.

కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లో దూరండి.