అంకన్నకి వేసిన అంకె

ఏటి ఒడ్డున ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో జల్లెడలు అల్లే ఒకాయన ఉండేవాడు. యాభై రెండో ఏట వెదురు బండి మీంచి జారిపడి ఆయన కుడిచెయ్యి విరిగింది.

కట్లు కట్టే వైద్యుడు ఆ ఇంటి వెదురుబద్దలే అడిగి తీసుకుని చేతికి కట్టు వేశాడు. నలభై రోజులు ఏదీ అల్లడానికి వీల్లేదన్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఊరికే కూర్చోవడం ఎరగని మనిషి. మొదటి వారం వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూశాడు. రెండో వారానికి అదీ విసుగెత్తింది. ఎడమచేత్తో అటక మీది సామాను ఒక్కొక్కటీ కిందికి లాగడం మొదలుపెట్టాడు. అలా దొరికింది రేకు డబ్బా.

డబ్బాలో అరవై ఒక్క బొమ్మలున్నాయి. అన్నీ బంతికర్ర ఆటగాళ్ళ బొమ్మలే. ఆ పట్నంలో ఏటా వేసవిలో ఏట్లో నీళ్ళు తగ్గి ఇసుక తేలగానే బంతికర్ర ఆడేవాళ్ళు. ఒకడు బంతి విసరాలి, ఇంకొకడు కర్రతో కొట్టాలి. కొట్టినవాడు ఇసుకలో పాతిన నాలుగు గుంజల్నీ చుట్టి రావాలి. పేటకొక జట్టు ఉండేది. ఆటగాళ్ళ బొమ్మలు అరచేతిలో పట్టే అట్టముక్కల మీద అచ్చువేసి, నువ్వుజీళ్ళ పొట్లాల్లో పెట్టి అమ్మేవాళ్ళు. జీడి నోట్లోకి పోయేది, బొమ్మ జేబులోకి పోయేది.

జల్లెడలాయన మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నువ్వుల వాసన ఇంకా ఉంది. ఆ పూట ఇంట్లోవాళ్ళు అన్నానికి పిలిచినా వినపడలేదు.

పక్కవీధిలో ఉండే అక్క సాయంత్రం చెయ్యి ఎలా ఉందో చూడ్డానికి వచ్చింది. ఆయనకంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఆ బొమ్మలు ఇద్దరూ కలిసి పోగేసినవే. ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుని బొమ్మలన్నీ నేలమీద పరిచింది. ఎవరు ఏ పేట జట్టు, ఎవరు బంతి విసిరేముందు మెడ రుద్దుకునేవాడు, ఎవరు గుంజ దగ్గర చెప్పులు విడిచి పరిగెత్తేవాడు, అన్నీ ఆమెకి గుర్తే. చివరికి ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆపింది. అది అంకన్న బొమ్మ. పై అంచుకి మధ్యలో ఒక బెజ్జం ఉంది. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు మంచం దిగలేదు. పడుకున్నచోటి నుంచి కనపడాలని తమ్ముడు ఆ బొమ్మని తుమ్మముల్లుతో మట్టిగోడకి గుచ్చాడు. ఆ ముల్లు చేసిన బెజ్జం అది.

అప్పటి నుంచి ఆయనకి బొమ్మల మీద మళ్ళీ మనసు పోయింది. లేనివి పోగేద్దామని శుక్రవారం సంతకి వెళ్ళాడు. వెళ్ళి చూస్తే ఆ లోకమే మారిపోయి ఉంది.

సంతలో బొమ్మలు చేతికి దొరకడం లేదు. ఒక్కో బొమ్మనీ రెండు గాజుపలకల మధ్య పెట్టి, అంచుల చుట్టూ లక్క పోసి, లక్కమీద ఒక అంకె ముద్రవేశారు. పది అన్నిటికంటే గొప్ప, ఒకటి అన్నిటికంటే తక్కువ. ఒకాయన తన దగ్గర తొమ్మిది ఉందని పక్కవాడితో చెప్పుకుంటున్నాడు. ఎవరిదని జల్లెడలాయన అడిగితే, ఆ మనిషి సంచిలోంచి గాజుపలక తీసి వెనక్కి తిప్పి, అమ్మినవాడు అంటించిన చీటీలో పేరు చదివి చెప్పాడు.

ఆయనకి ఆ వాలకం నచ్చలేదు. గాజులో లేని బొమ్మలే కావాలని వెతికి రెండు కొనుక్కున్నాడు. ఇంటికొచ్చి మొదటిదాన్ని చూసుకుంటూ కూర్చుంటే బొటనవేలి చెమటకి ఆటగాడి మీసం చెదిరిపోయింది. నిన్నమొన్న అచ్చువేసిన దొంగబొమ్మ. పొయ్యి మీద పొగ పట్టించి పాతదానిలా చేశారు. మరుసటి శుక్రవారం సంతకి వెళ్తే అది అమ్మినవాడు కనపడలేదు గానీ, పక్క అంగడి మనిషి బొమ్మని ఇటూ అటూ తిప్పి చూసి జాలిపడ్డాడు. తనూ ఇలా రెండుసార్లు మోసపోయాడట. ఒకసారి ఏడుపు కూడా వచ్చిందట. అందుకే అందరూ అంకెల ఇంటికి వెళ్ళి ముద్ర వేయించుకుంటున్నారని చెప్పాడు. ఆ మాట విన్నాక జల్లెడలాయనకి గాజుపలకల మీద కోపం సగం తగ్గింది. రెండో బొమ్మని చూస్తే మాత్రం నమ్మకం కలగలేదు. అది ఆయన పుట్టకముందు ఆడిన ఎవరో పొరుగూరి ఆటగాడిది.

అక్కతో ఈ సంగతంతా చెప్పాడు. దొంగబొమ్మని చూసి నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. అంకన్న బొమ్మకి కూడా ముద్ర వేయిద్దామంది.

ఆయనకి మనసొప్పలేదు. ఈ బొమ్మ అసలుదో కాదో మనకి ఒకరు చెప్పాలా అన్నాడు.

"మనకోసం కాదురా తమ్ముడూ," అంది అక్క. "నువ్వూ నేనూ పోయాక ఈ డబ్బా ఎవరి చేతిలో పడుతుంది? నూనె మరకలు, బెజ్జాలు చూసి చెత్తలో పారేస్తారు. గాజులో ఉంటే, ఇదేదో దాచుకోవలసిందని కనీసం ఉంచుతారు."

ఆయన సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఆయన చెయ్యి మెడకి వేలాడుతోంది కాబట్టి డబ్బా అక్క పట్టుకుంది.

అంకెల ఇంటి ముందు వరస గేటు దాటి వీధిలోకి వచ్చేసింది. వీళ్ళ వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. లోపల బల్ల వెనక పరీక్ష చేసే ఆవిడ కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. కంటికి బిగించిన భూతద్దం చుట్టూ చర్మం గుంటపడిపోయింది. బల్లమీద ఒక ఇత్తడి పలక ఉంది. దానికి నాలుగు మూలల్లోనూ నాలుగు కిటికీలు కోసి ఉన్నాయి, మధ్యంతా మూసి ఉంది. బొమ్మ తీసుకోగానే ఆవిడ చూడకుండానే ఆ పలక బొమ్మమీద బోర్లించి, ఒక్కో కిటికీలోంచి ఒక్కో మూలనీ చూస్తుంది. తర్వాత పలకని కొంచెం కొంచెం జరిపి అంచుల్ని చూస్తుంది.

ముందు పొరుగూరి ఆటగాడి బొమ్మ ఇచ్చారు. ఆవిడ చాలాసేపు చూసింది. అచ్చూ అట్టా అసలువేనని, ఏడు వేయొచ్చని చెప్పింది. జల్లెడలాయన ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత అంకన్న. ఆవిడ మూలలు చూసింది, బెజ్జం దగ్గర ఆగింది, నూనె మరక మీద వేలు ఆనించింది. రెండు మూలలు మెత్తబడ్డాయంది. ముల్లు గుచ్చిన జాడ ఉందంది. బొమ్మ అసలుదే, అంకె మాత్రం రెండు అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో చులకన లేదు. ఇలాంటి మాటలు రోజుకి వందసార్లు చెప్పీ చెప్పీ, ఎదుటివాళ్ళకి నొప్పి తగలకుండా చెప్పడం నేర్చుకున్న మనిషి.

అక్క ముఖం వాడిపోయింది. తమ్ముడు అది చూశాడు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, మధ్యలో బొమ్మ ఎందుకు మూసేశారని అడిగాడు.

"ముఖం చూస్తే చెయ్యి మెత్తబడుతుందండీ," అంది ఆవిడ. "నాకు ముందున్నవాళ్ళు తమకి ఇష్టమైన ఆటగాడికి ఒక అంకె ఎక్కువ వేసేవారట. అది తప్పే కదా. అందుకని ఈ పలక చేయించారు."

"అయితే ఇన్నేళ్ళలో ఒక్క బొమ్మైనా చూడలేదా?"

"ఇరవై ఏళ్ళయింది. మూలలే చూశాను."

ఆవిడ గొప్పగానూ చెప్పలేదు, దిగులుగానూ చెప్పలేదు. అక్క ఆవిడ కంటి చుట్టూ పడ్డ గుంటని చూసింది.

"అంకె వేసేశావు కదమ్మా," అంది అక్క. "ఇంక చూస్తే తప్పేముంది?"

ఆవిడ బయట వరస వైపు చూసింది. తర్వాత పలక ఎత్తి పక్కన పెట్టింది. కంటికున్న భూతద్దం తీసేసింది. అద్దం లేకుండా దగ్గరి వస్తువుని చూసి చాలాకాలమైనట్టుంది, బొమ్మని కాస్త దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. అందులో సన్నటి మనిషి ఒకడు కర్ర భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎవరితోనో ఏదో చెప్పబోతున్నట్టు నోరు కొంచెం తెరిచి ఉంది.

ఎవరితనని అడిగింది ఆవిడ.

"అంకన్న," అంది అక్క. "మా పేట జట్టు. ఎడమచేతి వాటం. ఆ బొమ్మ వచ్చిన ఏడాది మొత్తంలో నాలుగు గుంజలూ చుట్టింది రెండుసార్లే. ఎప్పుడు కొట్టినా బంతి పోయి ఎవడో ఒకడి చేతిలో పడేది. అప్పుడు ఇతనేం చేసేవాడో తెలుసా? తిన్నగా ఆ పట్టినవాడి దగ్గరికి నడిచివెళ్ళి, బాగా పట్టావురా అని చెప్పి మరీ వచ్చేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అందరికంటే ముందు కర్ర పట్టుకుని నిలబడేది ఇతనే. జ్వరంలో నేను రోజూ ఇతన్ని చూస్తూ పడుకునేదాన్ని. ఇవాళ లేవలేకపోయినా రేపు మళ్ళీ చూద్దాంలే అనిపించేది."

ఆవిడ వింటూ బొమ్మనే చూస్తోంది. నోరు తెరిచి ఉంది ఆ మాట చెప్పడానికేనా అని అడిగింది. అదేనని ఇద్దరూ ఒకేసారి అన్నారు. వరసలో వెనకవాళ్ళు దగ్గుతున్నారు.

"అంకె మార్చలేనండీ," అంది ఆవిడ చివరికి. "రెండే."

మార్చవద్దన్నాడు జల్లెడలాయన. ఆ మాట అంటుంటే ఆయనకే తెలిసింది, ఇందాకటి బరువు గుండెల్లో లేదని.

ఆవిడ లక్క గిన్నె కుంపటి మీద పెట్టబోతూ, రెండిటికీ ముద్ర వెయ్యాలా అని అడిగింది. తమ్ముడు అక్క వైపు చూశాడు. ముద్ర వేయిద్దామని పట్టుబట్టింది ఆమె కాబట్టి, ఆమే చెప్పాలి.

అక్క రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తర్వాత పొరుగూరి ఆటగాడి బొమ్మని ముందుకి తోసింది.

"దీనికి వెయ్యమ్మా. ఇతని గురించి చెప్పడానికి మా ఇద్దరికీ ఏమీ తెలీదు. అసలువాడేనని నువ్వు చెప్పిన మాటొక్కటే ఇతనికి ఆధారం. అది గట్టిగా ఉండాలి." అంకన్న బొమ్మని తీసి తమ్ముడి ఎడమచేతిలో పెట్టింది. "ఇతనికి వద్దు. పొద్దున ఇతను తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు ముగ్గురం."

లక్క కరిగింది. ఏడు అంకె పడింది. గాజుపలకని అక్క డబ్బాలో జాగ్రత్తగా సర్దింది. జల్లెడలాయన అంకన్నని చొక్కాజేబులో వేసుకున్నాడు. నూనె మరక చొక్కాకి అంటుతుందేమోనని కూడా చూసుకోలేదు. ఇద్దరూ ఆవిడకి దణ్ణం పెట్టి, వరస పక్కనుంచి నెమ్మదిగా బయటికి నడిచారు.

వాళ్ళ వెనక తర్వాతి మనిషి బల్ల దగ్గరికొచ్చి బొమ్మ ఇచ్చాడు. పట్టుబట్టలు కట్టుకున్న పెద్దమనిషి. ఆవిడ ఎప్పటిలాగే పలక బోర్లించి, మూలలు చూసి, అంచులు చూసి, తొమ్మిది అంది. అతను సంతోషంగా చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. పలక తీసేసి, బొమ్మ అతనివైపు తిప్పి, ఎవరితనని అడిగింది.

ఆ మనిషి బొమ్మవైపు చూశాడు. తొమ్మిదే కదా అన్నాడు. అంకె తొమ్మిదే, అందులో మార్పు లేదు, ఈయన ఎవరో తెలుసుకుందామని అడుగుతున్నానంది ఆవిడ. అతనికి తెలీదు. తెలీదని చెప్పడానికి మొహమాటపడి, వెనక ఉన్నవాణ్ణి అడిగాడు. అతనికీ తెలీదు. అతను తన వెనకున్నామెకి బొమ్మ వర్ణించి చెప్పాడు, పొట్టిగా ఉన్నాడు, తలకి పసుపు గుడ్డ చుట్టుకున్నాడు, ఒంటికాలి మీద నిలబడ్డాడు అని. ఆమె ఇంకొకరికి చెప్పింది. ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందని, ప్రశ్న ఒకరి నుంచి ఒకరికి వసారా దాటింది, మెట్లు దిగింది, గేటు దగ్గరికి వచ్చింది.

అక్కాతమ్ముళ్ళు అప్పటికి గేటు దాటి నాలుగడుగులు వేశారు. వరసలో చివర నిలబడ్డ మనిషికి వెనక ఎవరూ లేరు. అతను అటూ ఇటూ చూసి, వెళ్ళిపోతున్న వీళ్ళనే పిలిచి అడిగాడు.

పసుపు గుడ్డ, ఒంటికాలు అనగానే అక్క మొహం విప్పారింది. ఆయన పేరు గవరయ్య అంది, ఎగువపేట జట్టు, పడవ నడిపేవాడు, పడవలో అలవాటై ఇసుకమీద కూడా అలాగే ఒంటికాలి మీద నిలబడేవాడు అంది. వరసలోవాడు ఆ మాట ముందువాడికి అందించబోయి ఆగాడు. ఇంతమంది నోళ్ళు దాటి లోపలికి వెళ్ళేసరికి ఏ పేరు మిగులుతుందో అన్నాడు.

"నేనే వెళ్ళి చెప్తాను," అంది అక్క.

డబ్బా తమ్ముడి ఎడమచేతికిచ్చి లోపలికి నడిచింది. వరసలో వాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు. జల్లెడలాయన గేటు పక్క అరుగుమీద కూర్చున్నాడు. లోపలినుంచి అక్క గొంతు, తర్వాత నవ్వులు, తర్వాత ఇంకెవరిదో కొత్త గొంతు వినిపించాయి. వరసలో ముందున్న ఒకాయన గుడ్డ మడత విప్పి తన బొమ్మని తనే చూసుకుంటున్నాడు. ఎండ ఏటివైపు వాలింది. అక్క ఇంకా బయటికి రాలేదు, ఆయన కూడా పిలవలేదు.