ముక్కు మూసుకున్న ఎలుగుబంటి

అనగనగా ఒక ఇప్పచెట్ల అడవి. అందులో కంబళి అనే ఎలుగుబంటి ఉండేది. ఒళ్ళంతా జుట్టే కాబట్టి ఆ పేరు. దానికి ఒక్కగానొక్క కొడుకు. కంబళికి పుట్టినవాడు ఇంకేమవుతాడు? వాడి పేరు బొంత! ఎలుగు పిల్లలు తల్లి వీపెక్కి ఊరేగుతాయి, తెలుసుగా పిల్లలూ? బొంత కూడా అంతే. అమ్మ జుట్టు రెండు చేతులా పట్టుకుని, గడ్డం అమ్మ చెవి పక్కన ఆనించి కూర్చునేవాడు.

ఎలుగుబంట్లకు చెదపురుగులంటే ప్రాణం. వాటిని తినడానికి ఒక పద్ధతి ఉంది. గోళ్ళతో పుట్టను చీల్చాలి. ఉఫ్ అని దుమ్ము ఊదాలి. ముక్కు గట్టిగా మూసుకుని, నోటితో జుర్రుమని పురుగుల్ని లాగాలి. ఒక గుక్క అయ్యాక మొహం పుట్టకు దూరంగా తిప్పాలి. నోరు మూసి, ముక్కు తెరిచి, మూడుసార్లు నిదానంగా ఊపిరి తీసుకోవాలి. ఆ తర్వాతే రెండో గుక్క. అడవిలో అందరికీ ఈ పద్ధతి నేర్పింది నల్లేరమ్మ అనే ముసలి ఎలుగు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పళ్ళు లేవు, తేనె లేదు. ఉన్నవి నాలుగు పుట్టలు, తినే నోళ్ళు బోలెడు. కంబళికి బెంగ పట్టుకుంది.

"నేను మూడు ఊపిర్లు తీసేలోగా పురుగులన్నీ లోపలికి పారిపోతున్నాయి. నా బిడ్డ ఏం తిని బతకాలి?" అనుకుంది.

అంతే, ముక్కు తెరవడం మానేసింది. పుట్టలో పెట్టిన మూతి తీయకుండా నోటితోనే పురుగుల్ని లాగింది, నోటితోనే ఊపిరీ పీల్చింది. పక్కవాళ్ళు రెండు గుక్కలు తినేలోగా ఆరు గుక్కలు లాగేసింది. బొంతకు కడుపు నిండింది. వాడు అమ్మను చూసి చూసి, తనూ అలాగే చేయడం మొదలుపెట్టాడు. "నా కొడుకు ఎంత తొందరగా పట్టేశాడో!" అని కంబళి మురిసిపోయింది.

నల్లేరమ్మ చూసింది. ఊరుకోలేదు.

"ఏమే కంబళీ, ఇదేం తిండే? ముక్కు దుమ్మును ఆపుతుంది. ఎండగాలిని తడిపి లోపలికి పంపుతుంది. నోటికి ఆ పని చేతకాదు. ఆ దుమ్మంతా తిన్నగా గుండెల్లోకి పోతోందే!"

"ఆకలేస్తుంటే ముక్కేంటి, నోరేంటి అత్తా?" అని కంబళి నవ్వేసింది.

మొదటి నెల తల్లీకొడుకులు గొంతు ఎండిపోయి నిద్ర లేచేవారు. రెండో నెల దగ్గు పట్టుకుంది. మూడో నెలకి వాళ్ళ ముక్కులు పని మరిచిపోయాయి. నడుస్తున్నా నోరు తెరిచే, పడుకున్నా నోరు తెరిచే. బొంత ఊపిరి గరగరమంటూ రోజంతా అమ్మ చెవిలో వినబడేది.

నల్లేరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి తిట్టలేదు, బతిమాలింది.

"కొన్నాళ్ళు పుట్టల జోలికి పోకు. వాగు ఒడ్డున చల్లగాలిలో కూర్చుని, నోరు మూసి పీల్చడం మళ్ళీ అలవాటు చేసుకో. నీ సంగతి వదిలేయ్, వాడికి నేర్పు."

"సరే అత్తా. వానలు పడనీ, అప్పుడు చూద్దాం."

నిజంగానే చూద్దామనుకుంది. దాని మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. మంచిదని తెలుసు, చేయాలనీ ఉంది, కానీ రేపు!

ఎండలు ముదిరాయి. ఇప్పపూలు రాలాయి. పూలు ఏరుకోవడానికి వచ్చిన మనుషులు చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెట్టారు. ఏటా పెట్టేదే. ఆ రోజు మాత్రం గాలి తిరగబడింది.

పొద్దున్నే నల్లేరమ్మ కంబళి గుహ ముందుకొచ్చి అరిచింది.

"కంబళీ, పొగ వాసన వస్తోంది! పద, వాగు దాటేద్దాం!"

కంబళి బయటికొచ్చి ముక్కు ఎగబీల్చింది. ఏమీ తెలియలేదు. వాసనలు ఎప్పటి నుంచి తెలియట్లేదో దానికే గుర్తులేదు.

"నాకేం రావట్లేదే. నువ్వెళ్ళత్తా, మేం కాసేపు పడుకుంటాం," అంది. అత్తకు వయసు మీదపడిందని లోపల జాలిపడింది కూడా. నల్లేరమ్మ రెండుసార్లు పిలిచి, ఇక లాభం లేదని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి గుహ పొగతో నిండింది. కళ్ళు మండి కంబళి లేచింది. బొంతను వీపు మీద వేసుకుని పరుగు తీసింది. రెండు పక్కలా మంట. వాగుకు పోయే పల్లంలో పొగ కమ్ముకుని ఉంది. అది దాటితే నీళ్ళు. ఒక్క పరుగు దూరం.

"బొంతా, నోరు మూసుకో! ముక్కుతో పీల్చు, నిదానంగా!" అని కంబళి అరిచింది. తన నోరు మాత్రం బార్లా తెరిచే ఉంది.

"రావట్లేదమ్మా..."

"ప్రయత్నించరా నాన్నా! నోరు మూయి!"

"ఎలాగమ్మా? నువ్వు నాకు నేర్పలేదుగా," అన్నాడు బొంత.

కంబళి తల వంచి పొగలోకి దూకింది. పరుగెత్తింది. చెవి పక్కన గరగరమనే ఊపిరి వింటూ పరుగెత్తింది. పల్లం సగం దాటేసరికి అది సన్నబడింది. కాళ్ళకు వాగు ఇసుక తగిలేసరికి ఆ ఊపిరి ఆగిపోయింది. వాడి చేతులు మాత్రం ఇంకా అమ్మ జుట్టు పట్టుకునే ఉన్నాయి. అందుకే కంబళి, పడుకున్నాడేమో అనుకుంటూ వాగు దాటింది.

అవతలి ఒడ్డున నల్లేరమ్మ వాడి చేతుల్ని ఒక్కొక్కటిగా విడిపించింది. వాడిని ఇసుక మీద పడుకోబెట్టింది. తిట్టినా బాగుండేదని కంబళి కుమిలి కుమిలి ఏడ్చింది.

కంబళి బతికింది, కానీ దగ్గు పోలేదు. వానలొచ్చి అడవి మళ్ళీ పచ్చబడింది. పుట్టలు లేచాయి. ఇప్పటికీ ఏ తల్లి పిల్లను పుట్ట దగ్గరికి తెచ్చినా, కంబళి వచ్చి పక్కన నిలబడుతుంది. నోరు మూసుకుని, ముక్కుతో మెల్లగా పీల్చి చూపిస్తుంది. ఒకటి. రెండు. మూడో ఊపిరికి దానికి దగ్గు తెర ముంచుకొస్తుంది. పిల్లలు కిసుక్కున నవ్వుతాయి. అది నవ్వదు, కోప్పడదు. దగ్గు తగ్గాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది.

నీతి: ముక్కు పనిని నోటికి అప్పగించకండి, పెద్దలు ఎలా ఊపిరి తీస్తే పిల్లలూ అలాగే తీస్తారు, ఆపద వచ్చాక నేర్పడానికి సమయం ఉండదు.